జాతీయ మానసిక ఆరోగ్య వ్యవస్థ: ఏ శాఖకు ఏ పని అప్పగించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 1982 నుంచి మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, 2017లో కొత్త చట్టం వచ్చింది, 2022లో టెలి మానస్ హెల్ప్‌లైన్ వచ్చింది, అయినా మండల స్థాయిలో మార్పు ఎందుకు కనిపించడం లేదు? ప్రతి పాలసీలోనూ "అన్ని శాఖల సమన్వయం" అని రాస్తారు కదా, అది ఊళ్లో ఎలా ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నాకు అర్థమైన జవాబు ముందే చెప్పేస్తాను. వైద్య శాఖ మందులు ఆగకుండా చూడాలి. మిగతా ప్రతి శాఖకూ అది ఇప్పటికే చేస్తున్న పనిలోంచే ఏదో ఒక్క పనిని ఎంచి, బాధ్యుడైన అధికారి ఎవరో కూడా రాసి అప్పగించాలి. ఆ పనులు జరిగాయా లేదా అని నెలనెలా అడిగే అధికారం జిల్లాలో ఒకరికి ఉండాలి. ఈ మూడూ లేకుండా ఎన్ని సమన్వయ కమిటీలు వేసినా మినిట్స్ పుస్తకం తప్ప ఏమీ మిగలదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మన పక్కనే బళ్లారిలో 1985 నుంచి 1990 వరకు చేసి చూపించారు. సుమారు 20 లక్షల జనాభా, అందులో తెలుగు మాట్లాడేవారు బోలెడు మంది. బెంగళూరులోని నిమ్హాన్స్ (కేంద్రం నడిపే మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్లు అక్కడ పెద్దాసుపత్రి కట్టలేదు. పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చారు. అవసరమైన కొన్ని మందులను పీహెచ్‌సీలోనే దొరికేలా చేశారు. సులువైన రికార్డు ఒకటి పెట్టారు. జిల్లా ఆస్పత్రిలో చిన్న టీమ్‌ను ఉంచారు. అన్నిటికన్నా ముఖ్యంగా, జిల్లా ఆరోగ్యాధికారి నెలవారీ సమీక్షలో మలేరియా, టీకాల లెక్కలు అడిగినట్టే వీటి లెక్క కూడా అడిగేవారు. దాని ఆధారంగానే 1996లో కేంద్రం నాలుగు జిల్లాల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ నాలుగింటిలో ఒకటి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనిదే. ఇప్పుడు 767 జిల్లాలకు మంజూరైంది.

మరి ఎక్కడ తేడా కొట్టింది? బళ్లారిలో టీమ్‌ను పంపారు, మందులు పంపారు, అడిగేవారినీ పెట్టారు. తర్వాతి జిల్లాల్లో ఎక్కువ చోట్ల టీమ్ మాత్రమే వెళ్లింది, అది కూడా సగం ఖాళీ పోస్టులతో. సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, సోషల్ వర్కర్, నర్సు అందరూ ఉండాలని కాగితం చెబుతుంది. వీళ్లలో చాలామంది కాంట్రాక్టు ఉద్యోగులు. జీతం ఆలస్యమైతే, ఇంకో చోట కాస్త మంచి ఉద్యోగం దొరికితే వెళ్లిపోతారు. కొత్తగా వచ్చినవారికి పేషెంట్లెవరో తెలియదు, ఆశా కార్యకర్తల పేర్లు తెలియవు. విడుదలైన నిధులు కూడా ఖర్చు కాకుండా వెనక్కి పోయిన సంవత్సరాలున్నాయి.

2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది (మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు). 18 ఏళ్లు దాటినవారిలో సుమారు 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఈ రెండో అంకె చూసి అందరూ "సైకియాట్రిస్టులు తక్కువ" అంటారు. లక్ష మందికి ఒక్కరు కూడా లేరన్నది నిజమే. కానీ మా ఓపీకి ఒకసారి వచ్చి, జబ్బు ఏమిటో తెలిసి, మందు మొదలుపెట్టి కూడా మధ్యలో మానేసినవారు తక్కువేమీ లేరు. వాళ్లను అడిగితే చెప్పే కారణాల్లో డాక్టర్ కొరత చివరన ఉంటుంది. బస్సు చార్జీలు, పోయే కూలి, తోడు వచ్చేవారు లేకపోవడం, పీహెచ్‌సీలో మందు లేదనడం, "మందు మానితే ఏమవుతుందో చూద్దాం" అన్న బంధువు, ఇవే ముందుంటాయి.

అందుకే మొదట మందుల గురించి. రిస్పెరిడోన్, ఫ్లూఆక్సెటిన్, అమిట్రిప్టిలిన్, సోడియం వాల్‌ప్రొయేట్ లాంటి మానసిక జబ్బుల మందులు ఖరీదైనవి కావు. సమస్యంతా ఇండెంట్‌లో, అంటే ఏ మందు ఎంత కావాలో రాసి పంపే కాగితంలో, ఉంటుంది. పీహెచ్‌సీ నుంచి ఇండెంట్ వెళ్లదు, ఎందుకంటే అక్కడ పేషెంట్ల రికార్డు లేదు. రికార్డు లేదు, ఎందుకంటే మందు ఉండదని పేషెంట్లు రారు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్న మనిషికి రెండు నెలలు మందు ఆగితే జబ్బు తిరగబెట్టవచ్చు. ఆ తర్వాత పోలీసులు, పంచాయితీ, ఇంట్లో గొడవలు అన్నీ వరసగా వస్తాయి. మండలంలో ఎంతమంది మందు మీద ఉన్నారో, ఈ నెల ఎంతమంది తీసుకోలేదో చెప్పే ఒక్క రిజిస్టర్ ఏఎన్ఎం దగ్గర ఉంటే సగం పని అయినట్టే. టీబీకి ఇదే పద్ధతి ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది కదా.

ఇక మిగతా శాఖలు. అన్నిటికన్నా ఎక్కువ నేను పింఛను గురించే చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే పాలసీలు రాసేవారు దీన్ని అసలు మానసిక ఆరోగ్యం కింద లెక్కవేయరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని వైకల్యంగా గుర్తించింది. 40 శాతం వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వ వైద్యుల బోర్డు ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) వస్తే పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛనును 2024లో నెలకు 6,000 రూపాయలకు పెంచారు. ఆ డబ్బు వచ్చే ఇంట్లో మనిషి స్థానమే మారిపోతుంది. నిన్నటిదాకా భారం అనుకున్న కొడుక్కి వేళకు అన్నం పెడతారు, ఆస్పత్రికి తోడు వస్తారు. ఏ కౌన్సెలింగూ ఇంత త్వరగా ఇది సాధించలేదు.

కానీ సదరం క్యాంపులో ఏం జరుగుతుందో చూడండి. మానసిక వ్యాధికి వైకల్యాన్ని కొలిచే ఐడియాస్ అనే స్కేలు ఉంది. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం, అర్థం చేసుకోవడం, పని చేయడం, ఎన్నాళ్లుగా జబ్బు ఉంది, వీటిని చూసి మార్కులు వేయాలి. ఇంటివాళ్లను కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితేనే తెలిసే విషయాలివి. క్యాంపులో అంత సమయం ఎక్కడిది? మందులు వేసుకుని శుభ్రంగా స్నానం చేసి వచ్చిన మనిషి పేరు, ఊరు సరిగ్గా చెబితే తక్కువ శాతం పడుతుంది. ఈ భయంతో పరీక్షకు ముందు మందులు ఆపేసే కుటుంబాలను నేను చూశాను. వైద్య శాఖ ఇచ్చిన మందును సంక్షేమ శాఖ నిబంధన ఆపిస్తోందన్న మాట. దీన్ని సరిచేయడానికి కొత్త పథకం అక్కర్లేదు. ఆరు నెలల చికిత్స రికార్డును, జిల్లా టీమ్ ఇంటికి వెళ్లి రాసిన నివేదికను సదరం బోర్డు లెక్కలోకి తీసుకోవాలని ఒక ఉత్తర్వు చాలు. రెండు శాఖలు నిజంగా కలిసి పనిచేయడమంటే నాకు ఇలాంటిదే కనిపిస్తుంది.

వ్యవసాయ శాఖ విషయానికి వస్తే శ్రీలంక అనుభవం చూడాలి. 1990లలో ప్రపంచంలోనే అత్యధిక ఆత్మహత్యల రేటు ఉన్న దేశాల్లో అదొకటి. ఎక్కువ మరణాలకు పురుగుల మందులే కారణం. అక్కడ పురుగుల మందులకు అనుమతులిచ్చే రిజిస్ట్రార్ వ్యవసాయ శాఖలోనే ఉంటారు. వైద్యుల సలహా తీసుకుని 1995లో అత్యంత విషపూరితమైన వర్గాన్ని, 1998లో ఎండోసల్ఫాన్‌ను, 2008 నుంచి 2011 మధ్య మరి మూడింటిని దశలవారీగా ఆపారు. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. 1995-2015 మధ్య దాదాపు 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకులు లెక్కగట్టారు. పంట దిగుబడులు పడిపోలేదు. అక్కడ ఆ రోజుల్లో కొత్తగా వేలమంది సైకియాట్రిస్టులేమీ రాలేదు. క్షణికావేశంలో చేయి చాచినప్పుడు ప్రాణం తీసే వస్తువు అందుబాటులో లేదు, అంతే. ఆ క్షణం గడిస్తే చాలామంది బతుకుతారు, మళ్లీ జీవితంలో పడతారు. మా వార్డులో కోలుకున్నవారిని చూసినవాడిగా ఇది గట్టిగా చెబుతాను.

మన దగ్గర కేంద్రం 2018లో 18 పురుగుల మందులపై నిషేధం ప్రకటించింది, ఆరింటికి 2020 చివరి దాకా గడువిచ్చింది. పురుగుమందుల చట్టం 1968 నాటిది, అనుమతులిచ్చే రిజిస్ట్రేషన్ కమిటీ కేంద్ర వ్యవసాయ శాఖ కిందే ఉంది. రాష్ట్రం తలుచుకుంటే సాధారణంగా 60 రోజులు అమ్మకం ఆపగలదు. కాబట్టి ఆ రిజిస్ట్రేషన్ కమిటీకి ఏటా ఆస్పత్రుల విషప్రయోగం కేసుల వివరాలు అందాలి. ఏ రసాయనం వల్ల ఎంతమంది పోతున్నారో తెలియకుండా అక్కడ కూర్చున్నవారు ఏం నిర్ణయిస్తారు? ఈ ఒక్క సమాచారం వైద్య శాఖ నుంచి వ్యవసాయ శాఖకు వెళ్లే దారి వేస్తే, అది వంద అవగాహన ర్యాలీల కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

అప్పుల సంగతి కూడా ఇలాంటిదే. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల ఒత్తిడితో ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వసూళ్లను కట్టడి చేస్తూ ఆ అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. దాని ఆర్థిక ఫలితాల మీద వాదనలు ఇప్పటికీ ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది ఒకటే, వసూలు చేసే పద్ధతి మీద పెట్టే నిబంధన కూడా మానసిక ఆరోగ్య నిబంధనే. లోన్ యాప్‌ల వేధింపుల తర్వాత 2022లో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ అప్పుల మీద ఇచ్చిన మార్గదర్శకాలనూ నేను అలాగే చూస్తాను. వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ గురించి తెలుసుకోండి. కష్టంలో ఉన్న రైతు ఫోన్ చేస్తే ధైర్యం చెప్పి పెట్టేయకుండా, పాస్‌బుక్ సమస్యైతే రెవెన్యూకు, పంట రుణమైతే బ్యాంకుకు, నష్టపరిహారమైతే వ్యవసాయాధికారికి తీసుకెళ్లి వెంటపడటం దాని పద్ధతి. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు. మీరు గానీ మీకు తెలిసినవారు గానీ టెన్షన్‌లో, నిరాశలో ఉంటే ఈ నంబరు తప్పక వాడండి. కానీ ఫోన్ ఎత్తిన కౌన్సెలర్‌కు ఆ జిల్లా తహసీల్దారు ఆఫీసులో, బ్యాంకులో, హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రంలో ఎవరితో మాట్లాడాలో తెలిస్తే ఆ ఫోన్ విలువ రెట్టింపవుతుంది. ఈ లింకు పెంచాలి.

విద్యాశాఖలో ఏం చేయాలో ఇప్పుడు సుప్రీంకోర్టే చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో ఇచ్చిన తీర్పులో 15 మార్గదర్శకాలున్నాయి. వంద మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ పర్యవేక్షించాలి. మన కార్పొరేట్ కాలేజీల్లో మార్కుల బ్యాచ్‌లు ఎలా నడుస్తాయో తెలుగువారికి నేను చెప్పనక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో తప్పులతో వచ్చిన తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు కావలసింది కౌన్సెలింగ్ ఒక్కటే కాదు, తప్పుల్లేని ఫలితాలు, వెంటనే రీవెరిఫికేషన్ కూడా. చెన్నైలో 1986 నుంచి ఆత్మహత్యల నివారణకు పనిచేస్తున్న స్నేహ సంస్థ, ఫెయిలైన విద్యార్థి ఏడాది ఆగకుండా కొద్ది వారాల్లోనే మళ్లీ పరీక్ష రాసే అవకాశం కోసం తమిళనాడులో పట్టుబట్టి సాధించింది. పరీక్షల టైం టేబుల్ మార్చడం పూర్తిగా విద్యాశాఖ పని, దానికి ఒక్క డాక్టర్ కూడా అవసరం లేదు.

పోలీసుల విషయం క్లుప్తంగా. 2017 చట్టం సెక్షన్ 100 ప్రకారం మానసిక వ్యాధితో రోడ్ల మీద తిరుగుతున్న మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించాలి, వారికి వైద్యం, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని సెక్షన్ 115 అంటుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్‌ను, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొనసాగించలేదు. అయినా కేసు అవుతుందన్న భయంతో "పొరపాటున తాగాడు" అని చెప్పించి తీసుకొచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అసలు కారణం రాయకపోతే మా టీమ్‌కు సమాచారం రాదు, ఇంటికి వెళ్లాక చూసుకునేవారు ఉండరు. స్టేషన్ ఎస్‌ఐకి, క్యాజువాలిటీ డాక్టర్‌కు ఒకే రోజు, ఒకే గదిలో కూర్చోబెట్టి ఈ రెండు సెక్షన్లు చెబితే చాలు.

గుళ్లు, దర్గాల్ని కూడా వదలకూడదు. నెల్లూరు జిల్లా ఏఎస్ పేట దర్గాకు "గాలి సోకింది" అంటూ ఎంత దూరం నుంచి వస్తారో మీకు తెలిసే ఉంటుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ఆశ్రమంలో, గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో చనిపోయారు. ఆ తర్వాత కూడా నమ్మకం తగ్గలేదు, తగ్గదు. గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో ప్రార్థన చేసేవారే పేషెంట్‌ను పక్కనున్న క్లినిక్‌కు పంపే ఏర్పాటు 2008 నుంచి నడుస్తోంది. తాయెత్తు కట్టించుకోండి, మాత్ర కూడా వేసుకోండి అంటే జనం సంతోషంగా వింటారు. గొలుసు మాత్రం చట్టం నిషేధించింది, అక్కడ రాజీ లేదు.

ఒక హెచ్చరిక. ప్రతి శాఖా చివరికి తన పనిని ఆశా కార్యకర్త నెత్తినే పెడుతుంది. ఆశాలు చేయగలరా అంటే చేయగలరు. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో పనిచేశారు. ఆశాలు ట్యాబ్‌లో ప్రశ్నలు అడిగి డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారిని గుర్తించారు, పీహెచ్‌సీ డాక్టర్‌కు చూపించారు, మందు వేసుకుంటున్నారో లేదో వెంట ఉండి చూశారు. తర్వాత హర్యానాలోనూ కలిపి పెద్ద ట్రయల్ చేస్తే డిప్రెషన్ తగ్గిందని 2024లో ఫలితాలు ప్రచురించారు. కానీ అక్కడ శిక్షణ, పరికరం, అడిగినప్పుడు పలికే డాక్టర్ ఉన్నారు. అవేమీ ఇవ్వకుండా ఇంకో ఫార్మాట్ ఇచ్చి నింపమంటే నింపుతారు, జబ్బున్న మనిషి మాత్రం దొరకడు. కొత్త పని ఇస్తే దానికి విడిగా ప్రోత్సాహకం ఇవ్వాలి, పాత రిజిస్టర్ ఒకటి తీసేయాలి.

మద్యం మీద కూడా ఒక మాట చెప్పక తప్పదు. మద్యానికి బానిసైనవారి డీఅడిక్షన్ కేంద్రాలు చాలావరకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద ఉంటాయి, మానసిక ఆరోగ్యం ఆరోగ్య శాఖ కింద, అమ్మకం రాష్ట్ర ఎక్సైజ్ కింద. తాగుడు, డిప్రెషన్ రెండూ ఉన్న మనిషి ఒకడే, అతన్ని రెండు చోట్లా "మీది ఇక్కడ కాదు" అని పంపేస్తారు. ఆ రెండు కేంద్రాలూ ఒకే చీటీ మీద, ఒకే ఓపీ రోజున చూసేలా చేయడం కలెక్టర్ చేతిలో పని.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా? కేంద్రం మానసిక ఆరోగ్యానికి నేరుగా ఇచ్చేదాంట్లో పెద్ద వాటా నిమ్హాన్స్‌కు వెళుతుంది. అది గొప్ప సంస్థ, నాకూ అక్కడి నుంచే ఎంతో నేర్చుకునే వీలు దొరికింది, దానికి తగ్గించమని అనను. జిల్లాలకు పెరగాలంటాను. పైన చెప్పిన వాటిలో సదరం ఉత్తర్వు, ఎస్‌ఐల శిక్షణ, విషప్రయోగాల సమాచారం, పరీక్షల షెడ్యూల్, వీటికి పెద్దగా ఖర్చు లేదు. డబ్బు కావలసింది రెగ్యులర్ పోస్టులకు, మందులకు, ఇళ్లకు వెళ్లడానికి ఒక వాహనానికి. 2017 చట్టం సెక్షన్ 31 ప్రకారం, అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా అంతర్జాతీయ ప్రమాణాలకు తగినంతమంది మానసిక ఆరోగ్య సిబ్బందిని ప్రభుత్వాలు సమకూర్చాలి. చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న. అంటే గడువు 2028.

మీ జిల్లాలో ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కాబట్టి, ముందు మూడు విషయాలు కనుక్కోండి. సమాచార హక్కు దరఖాస్తుతో డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసు నుంచి వస్తాయి. జిల్లా టీమ్‌లో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని? గత ఆరు నెలల్లో ఏ పీహెచ్‌సీలో రిస్పెరిడోన్, ఫ్లూఆక్సెటిన్ ఎన్ని రోజులు లేవు? సదరంలో మానసిక వ్యాధి కింద ఎంతమంది దరఖాస్తు చేస్తే ఎంతమందికి సర్టిఫికెట్ వచ్చింది? ఈ మూడూ చేతిలో ఉంటే జడ్పీ సర్వసభ్య సమావేశంలో మీ జడ్పీటీసీ చేత అడిగించవచ్చు, కలెక్టర్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టవచ్చు. వివరాలు వచ్చాక ఇక్కడ రాయండి, అర్జీ ఏ సెక్షన్ కింద ఎలా రాయాలో నేను డ్రాఫ్ట్ చేసి ఇస్తాను.